ఐలేశం బెండు టోపీ

రోహిణి కార్తె. సూర్యుడు నడినెత్తిన నిలిచిన వేళ... మనిషి నీడ మనిషి పాదాల కిందనే నక్కి దాక్కునే వేళ... అర్ధరాత్రి కన్నా క్షుద్రశక్తులకు ప్రీతిపాత్రమైన ఘోరమైన వేళ అది! కృష్ణ ఒడ్డున నల్లరాళ్ల గుట్టలు నిప్పులు కక్కుతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా నల్లమల వైపు ఎక్కడో ఒక పొడి ఉరుము ఉరిమింది. దానికి జవాబిస్తున్నట్టు పట్టపగలే ఒక గుడ్లగూబ కూసింది...

ఆ కూత విని వెనక్కి తిరిగే బుద్ధి ఉంటే సీతారాములుకు ఇంత కథ జరిగేది కాదు. కానీ టోపీల పిచ్చి పట్టినవాడి చెవికి గుడ్లగూబ ఎక్కుతుందా? సైకిలును తుమ్మచెట్టుకు ఆనించి, చొక్కా మీది దుమ్ము దులుపుకుని, చంకలో దస్తరం కట్ట పెట్టుకుని కురుమల గూడెంలోకి నడిచాడు.

సీతారాములు కొల్లాపురం తాలూకా కచేరీలో గుమాస్తా. చౌటుప్పల్ చేనేత ఇంటి బిడ్డ. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవడం నామోషీ అనిపించి, చదువుకుని నౌకరీ సంపాదించాడు. అంతవరకు బుద్ధిమంతుడే. ఎనిమిది నెలల కిందట, అంటే అరవయ్యో సంవత్సరం దసరా ముందర, కచేరీ పాత కాగితాల గదిలో అతనికి ఒక రూమీ టోపీ దొరికింది. ఎర్రటి ఉన్ని, నల్లటి కుచ్చు. పోలీసు యాక్షన్ రోజుల్లో ఏ అధికారో భయపడి కట్టల వెనక దూర్చి పోయి ఉంటాడు. సీతారాములు దాన్ని నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. అంతే! ఆనాటి నుంచి పాత టోపీ ఎక్కడ ఉందని తెలిసినా అతనికి అన్నం సయించదు.

మొదట్లో కొత్తవాళ్లందరిలాగే అతడూ బోల్తాపడ్డాడు. నిరుడు ఎవరి పెళ్లికో కుట్టించిన మఖ్మల్ టోపీని నవాబుల కాలం నాటిదని నమ్మి తెచ్చుకున్నాడు. గడీ దివాను కట్టుకున్న దస్తారు తలపాగా ఒకటి నిజంగానే దొరికితే, మురికిగా ఉందని భార్య లీలమ్మ చేత కుంకుడు రసంతో ఉతికించాడు. అది ఆరేసరికి పేలికల కుప్ప అయింది. లీలమ్మ వారం రోజులు నవ్వింది.

ఆ అమాయకుణ్ణి చేరదీసి టోపీల విద్య నేర్పినవాడు మారయ్య. సంస్థానం రోజులు పోయాక గడీల్లోంచి బయటపడిన పాత సామాన్లు అమ్మే ముసలివాడు. ఊరి చివర ఒంటరి ఇల్లు. పొడవాటి వేళ్లు... రెప్ప వాలని కళ్లు... నవ్వితే కళ్లు మాత్రం నవ్వవు.

“మూడు మాటలు యాదుంచుకో గుమాస్తా సాబ్,” అన్నాడు మారయ్య మొదటి రోజే. “టోపీని కడగొద్దు. ఎండకు పెట్టొద్దు. లోపట ఉన్న చెమట మరకను, వెంట్రుకను ముట్టొద్దు. గదే దాని పానం.”

సీతారాములు ఆ మూడు మాటలను నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆహా, ఎంత అనుభవం అని పొంగిపోయాడు. అవి టోపీలు దాచుకునేవాళ్ల నియమాలు కావని, నెత్తి చెమటతో, తల వెంట్రుకతో మనిషిని కట్టిపడేసే బాణామతి విద్యలోని నియమాలని ఆ వెర్రిబాగులవాడికి ఎవరు చెబుతారు?

ఈ గూడెం సంగతి చెప్పిందీ మారయ్యే. “ఈదమ్మ ఇంట్ల గోడకు ఆమె మొగడు ఐలేశం బెండు టోపీ ఒకటి ఉన్నది. దొరలు పెట్టుకునేది. అసొంటిది మల్ల నీకు దొరకది. నేనడిగితె ఇయ్యది. నీకైతె సర్కారు మొహం ఉన్నది.”

ఈదమ్మ ఇల్లు గూడెంలో చివరిది. పసుపు పూసిన గడప, వాకిట్లో గొర్రెల దొడ్డి. నలభై ఏళ్ల మనిషి. నుదుట రూపాయంత కుంకుమ, మోచేతి దాకా గాజులు. లోపల నడిగోడకు కొయ్య... ఆ కొయ్యకు టోపీ! తెల్లటి గుడ్డ తొడిగిన జీలుగు బెండు టోపీ. అంచు ఒకచోట విరిగి ఉంది. సీతారాములు గుండె ఝల్లుమంది. దాని కింద నేల మీద ఒక ముంత, ముంతలో అప్పుడే పోసిన అంబలి ఉంది. అది మాత్రం అతని కంటికి ఆనలేదు.

“గది మా ఆయనది,” అంది ఈదమ్మ. “నది కొలువనీకె ఇంజనీరు దొర వచ్చినప్పుడు ఈయన గొలుసు పట్టిండు. పోతపోత దొర తన నెత్తిమీదిది తీసి ఇచ్చిండు. ఏడేండ్లాయె సారు, ఆవలి ఒడ్డు మేతకని పుట్టి ఎక్కి పోయిండు. పుట్టి రాలె, ఆయన రాలె. మూడోనాడు టోపీ ఒక్కటే తేలుకుంట ఒడ్డుకొచ్చింది. పెద్దమనుషులు గాజులు పలగ్గొట్టుమన్నరు. నేను పలగ్గొట్టలె. టోపీ వచ్చింది, ఎనక మనిషి వస్తడన్న. దినాం అంబలి పెడుతున్న.”

ఏ మనిషైనా ఆ మాటకు లేచి దండం పెట్టి వెళ్లిపోతాడు. సీతారాములు కూడా లేచాడు... గడప దాకా వెళ్లాడు కూడా. వెనక్కి తిరిగి చూశాడు. కిటికీ లేని ఆ చీకటి గదిలో టోపీ ఒక్కటే తెల్లగా మెరుస్తోంది. అతని నోటి నుంచి మాట దానంతటదే జారింది.

“కర్నూలు పెద్ద దవాఖానల ఒకాయన ఉన్నడమ్మా. నీళ్లల్ల దొరికిండట. పేరు, ఊరు ఏదీ యాదికి లేదట. నెత్తి కొలత చూడాలె. అందుకే సర్కారు నన్ను తోలింది. ఈ టోపీ పట్టుకపోతే ఆయనో కాదో తెలుస్తది.”

ఈదమ్మ కొంచెంసేపు గోడ పట్టుకుని నిలబడింది. తరువాత రెండు చేతులతో టోపీ తీసి, కొంగుతో దాని దుమ్ము తుడిచి అతని చేతిలో పెట్టింది. సీతారాములు దస్తరం విప్పి, ఒక కాగితం మీద ఏదో గిలికి, కచేరీ ముద్ర గుద్ది ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. టోపీ పెట్టడం అని ఊరికే అన్నారా? టోపీ తీసుకుంటూనే టోపీ పెట్టాడు ఆ మహానుభావుడు!

బయలుదేరుతుంటే ఈదమ్మ పరుగున వచ్చి గుడ్డమూట ఒకటి సైకిలుకు కట్టింది. “జొన్నరొట్టెలు, ఎర్రకారం. ఆయనకు నా చేతి రొట్టె పెట్టు సారు. మొహం యాది లేకున్నా రుచి యాదికొస్తది.”

సగం దారిలో, ఒక బండరాయి నీడన, ఆకలికి తాళలేక సీతారాములు ఆ మూట విప్పాడు. నాలుగు రొట్టెలూ తిన్నాడు. తినేటప్పుడు చాలా బాగున్నాయి. ఆఖరి ముక్క మింగుతుంటే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయి, చాలాసేపు దగ్గాడు.

టోపీ ఆకారం చెడకుండా కూర్చోబెట్టేందుకు మారయ్య ముందే ఒక దిమ్మను ఇచ్చి ఉన్నాడు. నల్లగుడ్డ బిగించి కుట్టిన గుండ్రటి దిమ్మ. “గుడ్డ ఇప్పకు,” అని మాత్రం చెప్పాడు. సీతారాములు కిరాయి ఇంటి ముందు గదిలో బల్ల మీద ఆ దిమ్మను పెట్టి, దానికి ఐలేశం టోపీ తొడిగాడు. సరిగ్గా అతికినట్టు కూర్చుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోవలసినవాడు, ఈదమ్మ కళ్లకద్దుకున్న కాగితం గుర్తుకొచ్చి అటూ ఇటూ దొర్లాడు. పోనీలే, నెల తరువాత కొలత కుదరలేదని చెప్పి ఇంకేదైనా టోపీ ఇచ్చేద్దాం అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మూడోనాడు... మళ్లీ అదే వేళ, మిట్టమధ్యాహ్నం!

భోజనానికి ఇంటికి వచ్చిన సీతారాములు గడప దగ్గరే ఆగిపోయాడు. ఇంట్లో నది వాసన. పాకుడు పట్టిన రాళ్ల వాసన, చచ్చిన చేప వాసన. బల్ల ముందు లీలమ్మ నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. పదిరోజులుగా చుక్క వాన లేని ఊళ్లో ఆమె జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో కుట్లు విప్పిన నల్లగుడ్డ... బల్ల మీద, బెండు టోపీ కింద, పళ్లికిలించి చూస్తున్న మనిషి పుర్రె!

“లీలా...”

ఆమె తల తిప్పింది. కళ్లలో నల్లగుడ్లు లేవు. నోరు తెరిచింది. వచ్చింది ఆడగొంతు కాదు. వందల గొర్రెలను గుట్ట అవతలి నుంచి అదిలించి అదిలించి బొంగురుపోయిన మగగొంతు!

“నా టోపీ ఎవరు తెచ్చిన్రు?”

బయట ఆకాశం పెళపెళా ఉరిమింది. ఇంటి దూలం మీద ఎప్పుడు వచ్చి కూర్చుందో, గుడ్లగూబ రెక్కలు విదిలించింది...

“ఈది పంపిన రొట్టెలు... ఎవరు తిన్నరు?”

ఆ ప్రశ్నకు ఈ లోకంలో జవాబు తెలిసినవాడు సీతారాములు ఒక్కడే. లీలమ్మ దగ్గింది. దగ్గి దగ్గి దోసెడు నీళ్లు కక్కింది. ఆ నీళ్లలో సన్నటి ఇసుక... కృష్ణ ఇసుక. సీతారాములు పిచ్చివాడిలా ఉరికి ఆ టోపీని పీకబోయాడు. మూరెడు జీలుగు బెండు! గాలికి ఎగిరిపోయే వస్తువు! రెండు చేతులతో లాగినా వెంట్రుక వాసి కదలలేదు. తిరగలి రాయి కన్నా బరువుగా ఉంది.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం అంతే. ఎండ నడినెత్తికి రాగానే లీలమ్మ ఒళ్లు చల్లబడేది, పెదాలు నీలమయ్యేవి, ఊపిరి కోసం కొట్టుకునేది. రోజురోజుకూ కక్కే నీళ్లు ఎక్కువవుతున్నాయి. దవాఖాన డాక్టరు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు గాని, ఇసుక ఎట్లా చేరిందో చెప్పలేకపోయాడు. పొద్దుగూకాక లీలమ్మకు తెలివి వచ్చేది. “నాకేమైతున్నది? నన్ను ఎవరో నీళ్లల్లకు గుంజుతున్నరు,” అని అతని చెయ్యి పట్టుకునేది. పట్టుకున్న ఆ చెయ్యే చేసింది ఇదంతా... ఆ మాట చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది. ఆమె నమ్మకంగా పట్టుకున్న ప్రతిసారీ తన చేతిని నరుక్కోవాలనిపించేది.

ఆరోనాడు మారయ్య ఇంటి మీదికి పోయాడు.

మారయ్య దాచడానికి ప్రయత్నించలేదు. లోపలి గది తలుపు బార్లా తెరిచాడు. వరుసగా ఇరవై ఒక్క పుర్రెలు... వాటికి ఇరవై ఒక్క టోపీలు, రుమాళ్లు! ఎర్రవి, నల్లవి, జరీ పీలికలై వేలాడుతున్నవి... గదంతా పాత చెమట కంపు.

“వీళ్లంత సచ్చినోళ్లు. సచ్చినోనికి కర్మలు జరుగుతయ్. సగం బలం గాడ్నే పోతది,” అన్నాడు మారయ్య ప్రశాంతంగా. “ఐలేశం గట్ల గాదు. పీనుగ దొరకలె, కాలలె; నీకిచ్చిన పుర్రె గూడ వేరేటోనిది. పెండ్లాం గాజులు పలగలె. ఆమె దినాం అంబలి పోసి సాదుకుంట వచ్చింది. సావనూ లేదు, బతకనూ లేదు. గసొంటోడు నా చేతికొస్తె, ఎవని మీదికి పొమ్మంటె వాన్ని పొడినేల మీద ముంచి సంపుతడు.”

“నా పెండ్లాం నీకేం చేసింది సేటు?”

“ఏం జెయ్యలె. వాడు దిగి నాకు మాటియ్యనీకె ఒక ఆడమనిషి ఒళ్లు గావాలె. రేపు అమాస. మిట్టపగటికి ఆమెనే నడుచుకుంట వస్తది, నువ్వు ఆపినా ఆగది. మాట అయినంక ఆ ఒంటి కుండ పలుగుతది, పానం పోతది. గంతే.” మారయ్య అతని భుజం తట్టాడు. “ఏడుస్తవెందుకు? టోపీ తెచ్చింది నువ్వే గద. నేను ఈదమ్మ గడప గూడ తొక్కలె.”

“టోపీ నేను తీసుకపోయి ఇచ్చేస్త.”

అప్పుడు నవ్వాడు మారయ్య... గదిలోని ఇరవై ఒక్క పుర్రెలూ ఆ నవ్వుతో గొంతు కలిపినట్టు గోడలు దద్దరిల్లాయి! “ఇంటి మనిషి చేతికే లేస్తది అది. దొంగ చేతికి లేవది.”

అమావాస్య నాడు తెల్లవారకముందే, పక్కింటి జానమ్మను లీలమ్మకు కాపలా పెట్టి సీతారాములు సైకిలెక్కాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. తీరా గూడెం చేరేసరికి ఈదమ్మ వాకిట్లోనే ఉంది. అలికి ముగ్గు పెట్టింది. తల అంటుకుంది. పెట్టెలోంచి తీసిన ఎర్రంచు చీర కట్టుకుంది. నులక మంచం మీద మగవాడి ధోవతి ఉతికి ఆరేసి ఉంది.

“వచ్చినవా సారు? ఆయనేనా?”

సీతారాములు ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఒక్కటి కూడా దాచలేదు. కర్నూలులో ఎవరూ లేరన్నాడు. కాగితం ఉత్తదన్నాడు. టోపీ మీద ఆశపడి చేశానన్నాడు. లీలమ్మ సంగతి, పుర్రె సంగతి, మారయ్య చెప్పిన ప్రతి మాటా చెప్పాడు.

ఈదమ్మ అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. ఎండ వాకిట్లో సగానికి వచ్చేదాకా అట్లాగే కూర్చుంది. దొడ్డిలో గొర్రెపిల్ల ఒకటి అరుస్తూనే ఉంది.

చివరికి అడిగింది. “రొట్టెలేం జేసినవ్?”

“తిన్న.”

“నాలుగా?”

“నాలుగు తిన్న.”

ఆమె తల ఊపింది. “దినాలనాడు సచ్చినోని రుమాలు వారసుని నెత్తిన పెడతరు మా దాంట్ల. పెట్టేది బామ్మర్ది. పెట్టినంక సచ్చినోని పేరు, మంద, పగ, రోగం, అన్నీ వానివే. తప్పిచ్చుకునేటట్టు లేదు. మాకు పిల్లలు లేరు, వారసుడు లేడు. నాకు తోడవుట్టినోడు గూడ లేడు.” అతని వైపు తిరిగింది. “నా చేతి రొట్టె తిన్నవ్. నా మొగనికని చేసింది తిన్నవ్. ఇగ నువ్వు ఇంటోనివే. నా తమ్మునివి. మన్నించిన అనుకోకు. ఆడిపిల్ల సస్తదని వస్తున్న, గంతే.”

ఆమె లేచి లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించింది. రెండు రొట్టెలు కాల్చి కొంగున కట్టుకుంది. ఖాళీ కొయ్య వైపు ఒక్కసారి చూసి బయటికి వచ్చింది. అప్పుడు గాని సీతారాములుకు అసలు సంగతి తట్టలేదు. వారసుడు ఉండాలంటే ముందు ఐలేశం చచ్చి ఉండాలి. ఐలేశం చావాలంటే...

అతడు ఆమె గాజుల వైపు చూడలేక తల దించుకున్నాడు.

వాళ్లు మారయ్య వాకిలి చేరేసరికి నీడలు పాదాల కిందికి వచ్చేశాయి. దారిలోనే జానమ్మ ఏడుస్తూ ఎదురై చెప్పింది: లీలమ్మ పుర్రెను టోపీతో సహా పసిబిడ్డలా చంకనేసుకుని నడిచి వెళ్లిపోయిందట. పట్టుకోబోతే చేతులు కొంకర్లు పోయాయట.

ఆ వాకిట్లో దృశ్యం భయంకరం! పసుపు, కుంకుమ, చితాభస్మంతో గీసిన ముగ్గు... చుట్టూ ఇరవై ఒక్క పుర్రెలు... నడుమ ఐలేశం టోపీ తొడిగిన పుర్రె. దాని ఎదుట జుట్టు విరబోసుకుని లీలమ్మ, సున్నంలా పాలిపోయి ఊగుతోంది. నల్లబట్ట చుట్టుకున్న మారయ్య కళ్లు మూసుకుని బీజాక్షరాలు గొణుగుతున్నాడు. మబ్బులేని ఆకాశంలో ఉరుముల మీద ఉరుములు! ఇంటి కప్పు మీద ఒకటి కాదు, పదుల కొద్దీ గుడ్లగూబలు బారులు తీరి, ఎండలో కళ్లు చిట్లించి చూస్తున్నాయి...

“మాటియ్యి ఐలేశం!” గర్జించాడు మారయ్య. “నేను చెప్పినోని మీదికి పోత అని మాటియ్యి!”

లీలమ్మ నోటి నుంచి ధారగా నీళ్లు కారాయి. ఊపిరి ఎగిసిపడుతోంది. ఇంకో క్షణం... ఇంకొక్క క్షణం...

“నేనొచ్చిన,” అంది ఈదమ్మ.

మారయ్య కళ్లు తెరిచాడు. ఆమె నుదుట కుంకుమ, చేతుల నిండా గాజులు చూసి అతని మొహం వికసించింది. “రా తల్లీ. నీ గాజులే వానికి బలం. రా, గీడ కూసో.”

ఈదమ్మ ముగ్గు తొక్కి లోపలికి నడిచింది. లీలమ్మ తల మెల్లగా పైకి లేచింది.

“ఈదీ...” ఆ బొంగురు గొంతు వణికింది. “రొట్టె తెచ్చినవా?”

“తెచ్చిన.”

ఆమె కొంగు ముడి విప్పింది. ముక్కలు తుంచి ఒక్కొక్కటే నోట్లో పెట్టింది. లీలమ్మ నోరు నమిలింది గాని, తిన్నది ఏడేళ్లుగా ఆకలితో ఉన్నవాడు. రెండు రొట్టెలూ అయిపోయేదాకా ఎవరూ కదలలేదు. మారయ్య గొణుగుడు కూడా ఎందుకో ఆగింది.

“సాలా?” అంది ఈదమ్మ.

“సాలు.”

“తిన్నవ్ గద. ఇగ పో.”

ఆమె రెండు చేతులూ ఎత్తి గడపరాయి మీద కొట్టింది. ఏడేళ్ల గాజులు ఫళఫళా పగిలాయి! నెత్తుటి చేతితోనే నుదుటి కుంకుమ తుడిచేసుకుంది. మారయ్య పిచ్చి కేక పెట్టి ఆమె మీదికి ఉరికాడు... కానీ సీతారాములు అప్పటికే పుర్రె దగ్గరికి చేరాడు. టోపీ మీద చెయ్యి వేశాడు. తిరగలి రాయిలాంటి ఆ టోపీ ఇప్పుడు పక్షి ఈకలా లేచి వచ్చింది!

అతడు వెనక నుంచి ఆ టోపీని మారయ్య నెత్తిన పెట్టి రెండు చేతులతో కిందికి అదిమాడు.

“నేను ఐలేశం బామ్మర్దిని. ఆయన పేరు నీది. ఆయన మంద నీది. ఆయన తొవ్వ నీది,” అన్నాడు. “ఆయన సావు నీది.”

ఒక్క క్షణం ఏమీ కాలేదు. మరుక్షణం మారయ్య గొంతులో బుడబుడమని శబ్దం... నోట్లోంచి, ముక్కులోంచి, చెవుల్లోంచి నీళ్లు! ఎర్రటి, వరద నాటి కృష్ణ నీళ్లు! టోపీని పీకేయాలని పదివేళ్లూ దిగేసి లాగాడు. అది నెత్తిన మేకు కొట్టినట్టు నిలిచింది. తన పుర్రెల వైపు చేతులు చాచాడు. అవి ఒక్కొక్కటే దొర్లి మొహం అటు తిప్పుకున్నాయి. ఎండకు నెర్రెలు బారిన ఆ పొడినేల మీద, నడుంలోతు నీళ్లలో కొట్టుకునేవాడిలా చేతులు కాళ్లు కొట్టుకుని కొట్టుకుని... ఆగిపోయాడు. గుడ్లగూబలు ఒక్కసారిగా లేచి నల్లమల వైపు ఎగిరిపోయాయి. ఆ తరువాత వచ్చింది నిజమైన వాన.

లీలమ్మ కళ్లు తెరిచి, నేను ఇక్కడికి ఎట్లా వచ్చానని అడిగింది.

మారయ్య చావుకు పంచనామా రాసే పని చేతిరాత మంచిదని సీతారాములుకే పడింది. నీట మునిగి మరణించెను అని రాశాడు. నీళ్లు ఎక్కడివని తహశీల్దారు రెండుసార్లు అడిగి, అతని మొహం చూసి మూడోసారి అడగలేదు. మిగతా టోపీలన్నీ ఏ ఇంటి నుంచి తెచ్చినవి ఆ ఇంటికే చేరాయి. లీలమ్మకు ఒక రాత్రి అంతా చెప్పేశాడు. ఆమె వినడం విన్నది గాని, చాలా రోజులు అతని చెయ్యి పట్టుకోలేదు.

మారయ్య ఊపిరి పోగానే ఊడి పడిన టోపీకే గూడెంలో దహనం చేశారు. ఏడేళ్లు నీళ్లలో తేలినవాడు అరగడియలో కాలిపోయాడు. పదకొండో రోజున పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. సీతారాములు సెలవు పెట్టి చౌటుప్పల్ వెళ్లి, నామోషీ అని వదిలేసిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్లకు అలవాటు తప్పింది. పోగులు తెగాయి. అయినా ఎవరినీ ముట్టనివ్వకుండా తనే నేశాడు. బొట్టు లేని మనిషికి నేసే రంగులేని చీర... ప్రతి పోగుకూ తన తప్పు కనిపించింది.

ఈదమ్మ ఆ చీర అందుకుని అంచు తడిమి చూసింది. “నేసుడు వచ్చు గద నీకు. టోపీలెందుకు?”

ఆమె వెనక గోడకు ఆ కొయ్య ఖాళీగా ఉంది. కింద ముంత లేదు.

“ఒకటి చెప్త తమ్ముడా, ఇను. ఏడేండ్లు ఆయన వస్తడు వస్తడని నోటితోని అన్న గని, లోపట నాకు తెలుసు. నువ్వు కర్నూలు ముచ్చట చెప్పినంక మాత్రం నిజంగ నమ్మిన. గా ఏడు దినాలు నాకు నిద్రపట్టలె, సంతోషానికి. ధోవతి రెండుసార్లు ఉతికిన.” ఆమె చీర మడత సరిచేసింది. “ఏడేండ్లల్ల నేను సుఖంగున్నది గా ఏడు దినాలే. గదే నిన్ను మన్నియ్యనిస్తలేదు.”

బయలుదేరేటప్పుడు ఆమె వెనకే వచ్చి సైకిలుకు గుడ్డమూట కట్టింది.

“ఇవి నీకే. తొవ్వల తిను,” అని లోపలికి వెళ్లిపోయింది.

సగం దారిలో ఆ బండరాయి దగ్గర సీతారాములు సైకిలు దిగాడు. మూట విప్పి చూశాడు. నాలుగు రొట్టెలు, ఎర్రకారం. చాలాసేపు వాటిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క ముక్క కూడా గొంతు దిగలేదు. మళ్లీ మూట కట్టి ఇంటికి తీసుకుపోయి, లీలమ్మ ముందు పెట్టాడు.